పలక మీద రాత, రాతి మీద రాత

(హనుమంతునిపాడులో కొత్తగా చదువు నేర్చుకున్న వారి కూటంలో చెప్పిన మాటలు)



మీరంతా అక్షరాలు నేర్చుకున్నారు. సంతకం పెడుతున్నారు. బస్సు మీద ఊరి పేరు చదువుతున్నారు. ఆ చదువుతో మన దగ్గరి పాత చోట్లు చూసొద్దామా?

ముందు భైరవకోన పోదాం. ఇది చంద్రశేఖరపురం మండలంలో, నల్లమల కొండల్లో ఉంది. అక్కడ 8 గుహ గుళ్ళు ఉన్నాయి. ఇవి కట్టిన గుళ్ళు కావు. ఇటుక లేదు, సున్నం లేదు. కొండరాయినే ఉలితో తొలిచారు. స్తంభం కావలసిన చోట రాయిని ఉంచారు. గది కావలసిన చోట తీసేశారు. ఒక్క దెబ్బ తప్పు పడితే మళ్ళీ అతికే వీలు లేదు. అంత ఓపికగా చేసిన పని అది. వెయ్యేళ్ళు దాటినా నిలిచి ఉంది. పక్కనే జలపాతం కూడా ఉంది.

ఇక కంభం చెరువు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేశారు. కట్ట ఎత్తు 57 అడుగులు. చెరువు పొడవు దాదాపు 7 కిలోమీటర్లు. శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ దీన్ని కట్టించిందని చెబుతారు. నీటిపారుదల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. వారసత్వం అంటే గుడి ఒక్కటే కాదు. మన పొలానికి నీళ్ళిచ్చే కట్ట కూడా వారసత్వమే.

ఇప్పుడు అసలు మాట చెబుతాను. పాత గుళ్ళకు పోతే గోడల మీద ఏం కనిపిస్తుంది? మేకుతో గీకిన పేర్లు కనిపిస్తాయి. ఆ పేర్లు ఎవరు రాశారు? చదువు రానివాళ్ళు కాదు. రాయడం వచ్చినవాళ్ళే!

“మాకూ ఇప్పుడు రాయడం వచ్చింది గదా, ఒక పేరు రాస్తే ఏం పోయింది?” అని మీరు అడగొచ్చు.

మార్కాపురం పలక మీకు తెలుసు. అదీ రాయే. మన నేల నుంచి తీసిందే. దాని మీద తప్పు రాస్తే తడిగుడ్డతో తుడుస్తాం, మళ్ళీ దిద్దుతాం. గుడి రాతి మీద గీత పడితే ఏ గుడ్డా తుడవలేదు. నిధులున్నాయని గుడి అడుగున తవ్వితే పడిపోయిన స్తంభాన్ని మళ్ళీ చెక్కేవాళ్ళు లేరు. చెరువు కట్ట మట్టి తోలుకుపోతే ఆ నష్టం ఎవరిది? కింద పొలం ఉన్న మనదే.

కాబట్టి ఈసారి పోయినప్పుడు పలక మీద రాసే చేతితో రాతిని ఊరికే తాకి చూడండి. అక్కడున్న బోర్డు కూడబలుక్కుని చదవండి. చదువు రాని అవ్వ పక్కనుంటే ఆమెకూ చదివి వినిపించండి. మీ చదువు అక్కడ అలా కనిపించాలి.