కోతుల గుంపులో పై కులం ఎవరిది?



పెద్దా చిన్నా తేడా ప్రకృతిలోనే ఉందనీ, జంతువులు కూడా దాన్ని పాటిస్తాయనీ చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. మన పెద్దలు ఏ రాష్ట్రానికి వలసపోయినా ఈ మాట వాళ్ల వెంటే వచ్చింది. జంతువుల్లో అంతస్తులు ఉన్నమాట నిజమే. కోళ్లు పెంచిన మన అమ్మమ్మలకు ఇది ఏ శాస్త్రవేత్తా చెప్పనక్కర్లేదు. ఆ అంతస్తు ఎక్కడినుంచి వస్తుంది, ఒంట్లో ఏం చేస్తుంది అన్నదే మేము ఇవాళ చెప్పదలిచింది.

ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సులో ఒక చిన్న చేప ఉంది. మగవాటిలో కొన్నే చోటు ఆక్రమించి మెరిసే రంగులతో తిరుగుతాయి. మిగతావి వెలిసిన రంగుతో తలదాచుకుంటాయి. పైదాన్ని తీసేస్తే కిందిది నిమిషాల్లోనే రంగు తేరుతుంది. తరువాత మెదడులో సంతానశక్తిని నడిపే నరకణాలు పెద్దవవుతాయి. ఓడిపోతే మళ్లీ చిన్నవవుతాయి. చేప అదే, చోటే మారింది.

రీసస్ కోతుల్లో కూతురికి తల్లి అంతస్తే వస్తుంది, అచ్చం మన ఊళ్లలోలాగే. అందుకే జెన్నీ టంగ్ బృందం అమెరికాలో 45 ఆడకోతులను అయిదేసి చొప్పున కొత్త గుంపులు చేసి, ఒక్కొక్కదాన్నే లోపలికి వదిలింది. ముందు వచ్చినవి పైకెక్కాయి, వెనక వచ్చినవి అడుగున మిగిలాయి. ఏ తల్లి కడుపున పుట్టిందన్నది కాదు, తలుపు ఎవరికి ముందు తీశారన్నదే లెక్క అయింది. అడుగువాటికి బెదిరింపులు ఎక్కువ, పేలు చూసే తోడు తక్కువ. వాటి రక్తకణాల్లో వాపు పుట్టించే జన్యువులు ఎక్కువగా రెచ్చిపోయాయి. తరువాత గుంపులు మార్చారు. అంతస్తు మారిన కోతుల్లో జన్యువుల పనితీరూ దానికి తగ్గట్టు మారింది. ఇది 2016లో 'సైన్స్' పత్రికలో వచ్చింది.

మనుషులు కోతులు కారు. బోనులో చూసినదాన్ని తెచ్చి పేటకు అతికించకూడదు. అయినా బ్రిటన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ప్రభుత్వోద్యోగులను చూసింది. మెట్టు దిగేకొద్దీ గుండెజబ్బు చావులు పెరిగాయి. పొగతాగడం వంటివి లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు.

తమిళనాడులో కొన్నిచోట్ల క్రైస్తవుల సమాధుల తోటలో కూడా కులాన్నిబట్టి గోడ ఉంది. చావు తరువాతే గోడ కట్టినవాళ్లు, బతికుండగా ఎన్ని కట్టి ఉంటారు? అందుకే వైద్యశిబిరాల్లో బీపీ, షుగరు చూసేటప్పుడు మరో రెండు ప్రశ్నలు అడగాలని మా ప్రతిపాదన: పనిచోట మిమ్మల్ని ఏమని పిలుస్తారు? ఆరాధనలో ఎక్కడ కూర్చుంటారు? వచ్చే శిబిరం ఫారంలో వీటికి చోటు ఉంచండి.