కాంప్లెక్సు కింద ఎవరున్నారు?

(పల్లె యువజనుల సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



సంఘం మీటింగులో సినిమాల సంగతేంటని పెద్దలు కొందరు ముఖం చిట్లిస్తున్నారు. భూమి సంగతి ఉంది, శ్మశానం దారి సంగతి ఉంది, హాస్టల్ బియ్యం సంగతి ఉంది, మధ్యలో ప్రభాసు సంగతి ఎందుకయ్యా అంటున్నారు. నిజమే. ఆ సంగతులన్నీ మధ్యాహ్నం మాట్లాడతాం. కానీ మన పిల్లలు కరపత్రం చదువుతారో లేదో గాని సెల్లులో సినిమా చూడని రోజు లేదు. రోజూ వాళ్ల బుర్రలోకి రెండున్నర గంటల సేపు ఏం పోతున్నదో తెలుసుకోకుండా సంఘం ఎట్లా నడుస్తుంది? అందుకని మేం నలుగురం ఈ మధ్య వచ్చిన ఫైటింగు సినిమాలు, సైన్సు సినిమాలు వరసబెట్టి చూశాం. కొన్ని హాల్లో, ఎక్కువ సెల్లులోనే. మాకేమనిపించిందో అది చెప్తాం. నచ్చింది నచ్చిందంటాం, లేనిది లేదంటాం.

ఫైటింగు సినిమాలు చూడొద్దని చెప్పడానికి మేం రాలేదు. మాకూ ఇష్టమే. పొద్దుగూకిందాకా నడుం వంచి పని చేసి వచ్చినోడికి తెరమీద ఒకడు పదిమందిని లేపి కొడుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. మనం ఎత్తలేకపోయిన చెయ్యి వాడెత్తుతున్నాడు గదా అనిపిస్తుంది. అది తప్పు కాదు. ఆ చెయ్యి ఎవరిది, ఎవరి కోసం లేచింది అన్నదే మా ప్రశ్న.

2024 జూన్ 27న వచ్చిన 'కల్కి 2898 ఏడీ' తో మొదలుపెడదాం. నాగ్ అశ్విన్ తీసిన సినిమా. పంచాంగం లెక్కన కలియుగం మొదలైంది క్రీస్తు పూర్వం 3102లో. దానికి 6000 ఏళ్లు కలుపుకుని 2898 అన్నారు. కురుక్షేత్రం అయిపోయిన ఆరువేల ఏళ్ల తర్వాత కథ. భూమ్మీద మిగిలిన పట్నం కాశీ ఒక్కటే. గంగ ఎండిపోయింది. కింద జనం మురికిలో, దుమ్ములో కొట్టుకుంటుంటే పైన ఆకాశంలో పిరమిడ్‌ను తలకిందులు చేసినట్టు ఒక పెద్ద కట్టడం వేలాడుతుంటుంది. దాని పేరు కాంప్లెక్స్. నీళ్లు, చెట్లు, పళ్లు, ఆఖరికి సముద్రం కూడా అందులోనే. లోపలికి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి.

ఆ బొమ్మ చూడగానే మా పక్కన కూర్చున్న ఒక అక్క "ఇది మన ఊరి చెరువే గదా" అన్నది. అంతకంటే గొప్ప సమీక్ష మేం ఎక్కడా చదవలేదు. నీళ్లు పైనోళ్ల దగ్గర, దాహం కిందోళ్ల దగ్గర. దీనికి 2898 దాకా ఆగాల్సిన పనేముంది? 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టినందుకే గదా బాబాసాహెబ్ మనుషుల్ని కొట్టారు. 1985 జులైలో కారంచేడులో గొడవ మొదలైంది ఎక్కడ? మాదిగపల్లె తాగే నీళ్ల చెరువు దగ్గర. ఆ నీళ్లు పాడు చెయ్యొద్దన్నందుకు తెల్లారి ఊరు ఊరంతా పల్లె మీద పడి ఆరుగురిని చంపింది. సినిమావాళ్లకు ఇదంతా కల్పన. మనకు జ్ఞాపకం.

సినిమా బాగాలేదని కాదు. బుజ్జి అనే మాట్లాడే బండి బాగుంది. 81 ఏళ్ల అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా చేసిన ఫైట్లు ప్రభాసు ఫైట్ల కంటే బాగున్నాయి. అద్దె కట్టమని బ్రహ్మానందం వెంటపడితే నవ్వొచ్చింది. మొదటి సగం సాగతీత. మాతో వచ్చిన పిల్లలిద్దరు నిద్రపోయారు, ఫైటింగు వచ్చినప్పుడు మేమే లేపాం. మమ్మల్ని కదిలించింది మాత్రం రాయా అనే చిన్నపిల్ల. ఆడపిల్లని తెలిస్తే పట్టుకుపోతారని మొగపిల్లోడి వేషంలో తిరుగుతుంటుంది. కాంప్లెక్సులో ఆడవాళ్లను గర్భం కోసమే బంధిస్తారు, కడుపులో బిడ్డనుంచి మందు తీసి పైన కూర్చున్న ముసలి యాస్కిన్‌కు ఎక్కిస్తారు. మన ఆడవాళ్ల ఒంటి మీద పెత్తందారు హక్కు ఎట్లా నడిచిందో తెలిసినోళ్లకు ఇది వింత కాదు.

ఇక అసలు సంగతి. ఈ హీరో భైరవ డబ్బు మనిషి. తలకు రేటు కట్టి ఎవరినైనా పట్టిస్తాడు. వాడి ఆశంతా కాంప్లెక్సులోకి పోవాలని. ఇంతవరకు మాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఇట్లాంటోళ్లు మన పల్లెలోనూ ఉన్నారు. కానీ చివరకొచ్చేసరికి ఏమైంది? వీడు మామూలోడు కాదు, కర్ణుడు! వెనకటి జన్మ బయటపడింది, హాలంతా ఈలలు.

ఇక్కడే మనం కాస్త ఆగి ఆలోచించాలి. కర్ణుడంటే మన పల్లెలకు ప్రాణం. 1977లో ఎన్టీ రామారావు తీసిన 'దానవీరశూర కర్ణ'లో కొండవీటి వెంకటకవి రాసిన కులం డైలాగు ఈ సభలోనే ఎంతమందికి కంఠతా వచ్చో! పుట్టుక అడిగి అవమానించినోళ్లను నిలబెట్టి అడిగిన ప్రశ్న అది. ప్రశ్న గొప్పదే. మరి కథ ఇచ్చిన జవాబేంటి? వీడు సూతుడి కొడుకు కాదు, కుంతి కొడుకు, సూర్యుడి కొడుకు అని. అంటే నిజంగా ఆ రాధ కడుపునే, ఆ రథం తోలేవాడికే పుట్టి ఉంటే వాడికి బాణం వెయ్యడం వచ్చేది కాదనేగా! వీరుడై ఉంటే వాడి రక్తం ఎక్కడో పైనుంచే వచ్చి ఉండాలి. ఇదే మతలబు. ఆరువేల ఏళ్ల తర్వాత బండ్లు ఎగురుతున్నాయి, కార్లు మాట్లాడుతున్నాయి, ఈ మతలబు మాత్రం మారలేదు.

ఇంకొకటి. అశ్వత్థామ ఎవరు? ఏకలవ్యుడి బొటనవేలు అడిగిన ద్రోణుడి కొడుకు. ఆయన ఆరువేల ఏళ్లు బతికే ఉన్నాడు, కర్ణుడు మళ్లీ పుట్టాడు. వేలు పోగొట్టుకున్న ఏకలవ్యుడు మాత్రం తిరిగి రాలేదు. రెండో భాగంలోనన్నా పిలుస్తారేమో చూద్దాం.

కల్కితో పాటే మేం 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' కూడా చూశాం. 2015లో వచ్చిన ఇంగ్లీషు సినిమా, ఆస్ట్రేలియా దర్శకుడు జార్జ్ మిల్లర్ తీశాడు. అందులోనూ ఎడారే. అందులోనూ కొండమీద ఒక ముసలోడు నీళ్లన్నీ బిగబట్టుకుని, ఆడవాళ్లను బిడ్డలు కనడానికి బంధించి పెడతాడు. అప్పుడప్పుడు తూము తెరిచి కింద జనం మీద కాసిని నీళ్లు వదులుతాడు, జనం గిన్నెలు పట్టుకుని తొక్కుకుంటారు. ఎన్నికల ముందు మన ఊళ్లకొచ్చే ట్యాంకరు గుర్తుకు రాలేదూ? సినిమా అంతా ఒకటే బండ్ల పరుగు, చెవులు దిమ్మెక్కిపోతాయి. కానీ ఆఖర్న చూడండి. చెయ్యి లేని ఫ్యూరియోసా అనే ఆడమనిషి ముసలోణ్ణి చంపి తిరిగొస్తే, పైన బంధించి ఉంచిన ఆడవాళ్లే తూములు తెరుస్తారు. హీరో మ్యాక్స్ ఏం చేస్తాడు? జనంలో కలిసి వెళ్లిపోతాడు. వాడు ఫలానా వంశంవాడని ఎవరూ చెప్పరు. ఎవరూ అడగరు.

తెలుగులో సైన్సు సినిమా అంటే పెద్దోళ్లకు గుర్తొచ్చేది సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'. 1991లో వచ్చింది, 2025 ఏప్రిల్‌లో మళ్లీ హాళ్లలో వేశారు. ఇప్పటికీ హాయిగా చూడొచ్చు. టైం మిషను ఎక్కి 1526కు పోతారు, 2504కు పోతారు. 1526లో దిగింది ఎక్కడ? కృష్ణదేవరాయల దగ్గర. టైం మిషనెక్కిన ప్రతివాడూ రాజసభలోనే దిగుతాడు. ఆ కోటకు రాళ్లు మోసినోళ్ల వాడలో ఒక్కసారి దించి చూడరాదా!

'పుష్ప' సంగతి చెప్పకుండా పోతే తమ్ముళ్లు మమ్మల్ని ఊరు దాటనివ్వరు. మొదటి భాగం 2021 డిసెంబరులో, రెండోది 2024 డిసెంబరు 5న. సుకుమార్ తీశాడు. మొదటి భాగంలో కూలివాడు కాలుమీద కాలేసుకుని కూర్చుంటాడు, యజమాని ముందు కాలు దించడు. అంతే, మా పల్లె హాల్లో ఉండబట్టలేదు. కాలుమీద కాలేసుకున్నందుకు, చెప్పులేసుకుని వీధిలో నడిచినందుకు తన్నులు తిన్న తాతల మనవళ్లు ఈలేశారంటే వెయ్యరా మరి? ఆ ఒక్క బొమ్మకే మేం సినిమాకు సగం మార్కులిచ్చేశాం. రెండో భాగంలో తిరుపతి గంగమ్మ జాతర ఘట్టం కూడా గట్టిగా ఉంది. మగవాళ్లు చీరకట్టి మాతంగి వేషం వెయ్యడం ఆ జాతరలో నిజంగా ఉన్న ఆచారమే. కోటు తొడిగిన హీరో కంటే చీర కట్టిన హీరో భయం పుట్టించడం మాకు బాగా నచ్చింది.

మరి మిగతా సగం మార్కులు? శేషాచలం అడవిలో ఎర్రచందనం కొట్టే కూలీలు సినిమాలో వందమంది కనపడతారు. కేశవ తప్ప ఒక్కడి పేరు చెప్పండి చూద్దాం. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో 20 మంది తమిళ కూలీల్ని పోలీసులు కాల్చి చంపారు. దొంగలు ఎదురుతిరిగారు, కాల్చామన్నారు. కాదు, పట్టుకెళ్లి కాల్చారని హక్కుల సంఘాలవాళ్లు అన్నారు. చచ్చినోళ్లలో గిరిజనులు చాలామంది, అందరూ కూలికొచ్చినోళ్లే. దుంగలు ఎవరి గోడౌనుకు పోతున్నాయో, ఏ ఓడెక్కుతున్నాయో, ఆ పెద్ద మనుషులెవరూ ఆ రోజు అడవిలో లేరు. సినిమాలో కూలివాడు సిండికేటుకు పెద్ద అవుతాడు. అడవిలో కూలివాడు శవమవుతాడు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే సినిమా వ్యాపారం.

పుష్ప కడుపుమంటంతా ఇంటిపేరు గురించి. తండ్రి ఇంటివాళ్లు వాడికి ఇంటిపేరు ఇవ్వలేదు. రెండు భాగాలు కొట్లాడి, ముఖ్యమంత్రిని మార్చేంత డబ్బు సంపాదించి, చివరికి వాడు కన్నీళ్లు పెట్టుకునేది ఆ ఇంటివాళ్లు తమ ఇంటిపేరులో కలుపుకున్నప్పుడు. భైరవకు కర్ణుడి రక్తం, పుష్పకు ఇంటిపేరు. రెండూ ఒకే తలుపు దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పుష్ప-2 ముందురోజు ఆటకు టికెట్టు మీద 800 రూపాయలు పెంచుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం అనుమతిచ్చింది. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి రోజుకు 300. పెంచినదానికే రెండున్నర రోజుల పైన మట్టి తవ్వాలి, టికెట్టు వేరే. ఆ రాత్రే హైదరాబాదులో ఒక హాలు దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చచ్చిపోయింది, పసివాడు ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఒకప్పుడు హాల్లో నేల, బెంచీ, కుర్చీ అని ఉండేవి. నేల మనది. ఇప్పుడు నేలే తీసేశారు. కాంప్లెక్సులోకి పోవడానికి పది లక్షల యూనిట్లని సినిమాలో చెప్తే మా పక్కనోడు "ఇక్కడికి రావడానికే నాలుగొందలైంది" అని గొణిగాడు.

'ఆర్ఆర్ఆర్' (2022) మీద ఒక్క మాట. నాటు పాటకు మేమూ గంతులేశాం. కానీ ఆఖర్న భీముడు రామరాజును చదువు చెప్పమని అడుగుతాడు, రామరాజు జెండా మీద జల్ జంగల్ జమీన్ అని రాసిస్తాడు. అసలు కొమరం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగినవాడు. ఆ నినాదం ఆయన పేరుమీదే నడుస్తున్నది. ఆయన మాటే ఆయనకు ఇంకొకడు రాసిచ్చినట్టు చూపిస్తే గోండు పిల్లలు ఏమనుకోవాలి?

చివరిగా రెండు బంగారు గనుల సినిమాలు. 'కేజీఎఫ్' రెండో భాగం 2022 ఏప్రిల్ 14న, సరిగ్గా అంబేడ్కర్ జయంతి రోజున వచ్చింది. పొద్దున దండలేసి మధ్యాహ్నం ఆటకు పోయినోళ్లు ఈ సభలో ఉన్నారు, మేమూ పోయాం. రాకీ భాయ్ సుత్తి పట్టుకుంటే బాగానే ఉంటుంది. కానీ ఆ గనిలో పనిచేసేవాళ్లకు ముఖాలు లేవు, అందరికీ ఒకటే మసి. మొదటి భాగంలో గరుడ కోసం తవ్వారు, రెండో భాగంలో రాకీ కోసం తవ్వారు. ఆఖరికి అంత బంగారమూ సముద్రం పాలు. తవ్వినోళ్లకు గోరంత ముక్క కూడా దక్కలేదు!

అసలు కోలారు గనులు తవ్విందెవరు? ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వలసపోయిన పరయలు, మన చిత్తూరు వైపు నుంచి పోయినోళ్లు. 1880లలో జాన్ టేలర్ కంపెనీ మొదలుపెట్టింది. మూడు కిలోమీటర్ల పైన లోతుకు దిగారు. పైన దొరల బంగళాలకు 1902లోనే కరెంటు, కింద రాయి పేలి మీదపడే చావు, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. ఆ కూలిలైన్ల పక్కనే మారికుప్పంలో అయోతిదాస్ పండితర్ బౌద్ధ సంఘం శాఖ నడిచింది. రాకీ భాయ్ లేని రోజుల్లో వాళ్లకు వాళ్లే బడులు పెట్టుకున్నారు, పత్రికలు చదువుకున్నారు.

ఆ మనుషుల్ని తెరమీదికి తెచ్చినవాడు పా. రంజిత్. 'తంగలాన్' 2024 ఆగస్టు 15న తెలుగులోనూ వచ్చింది. కథ 1850 కాలంది. పంట తగలబెట్టి, పన్ను పేరు చెప్పి పొలం లాక్కుంటారు, కుటుంబం వెట్టిలో పడుతుంది. ఆ పొలం విడిపించుకోవడానికే తెల్లదొర వెంట బంగారం తవ్వడానికి పోతారు. విక్రమ్ గుర్తుపట్టలేనట్టు మారిపోయాడు. తొలిసారి రవికెలు తొడుక్కున్న ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకునే ఘట్టం ఉంది. అందులో ఫైటింగు లేదు, గ్రాఫిక్సు లేవు. మేం చూసిన అన్ని సినిమాల్లో అదే పెద్ద ఘట్టమంటాం. తల తెగిన బుద్ధుడి విగ్రహం ఎందుకు పెట్టాడో మారికుప్పం సంగతి తెలిసినోళ్లకు విప్పి చెప్పక్కర్లేదు.

అట్లాగని అది సాఫీగా ఉందనుకోకండి. కలకూ నిజానికీ మధ్య తికమక, రెండో సగంలో కేకలు ఎక్కువ. తెలుగు మాటలు కొన్నిచోట్ల పెదాలతో కలవలేదు. మాలో ఇద్దరు "అర్థం కాలేదు, కల్కే నయం" అన్నారు. వాళ్లతో బస్సులో రెండు గంటలు తగువు పడ్డాం, ఇంకా తేలలేదు. మనవాడు తీశాడు గనక బాగుందనాలనే రూలు మాకు లేదు.

మా మాట అయిపోయింది. ఇక మీరు చెప్పండి. తమ్ముళ్లు సరే, వాళ్లు రోజూ చెప్తూనే ఉంటారు. ముందు ఆ వెనక వరుసలో, చెరువు గట్టున సంగతి చెప్పిన అక్క పక్కన కూర్చున్నవాళ్లు మాట్లాడాలి. మైకు అటు పంపండి.