స్కూటర్ బేరం: కొలత ముందు, ధర తరువాత

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



దాణా గురించి, దూడల పోషణ గురించి ఈ శిబిరంలో మీరు చాలా విన్నారు. నన్ను మాట్లాడమన్నది స్కూటర్ కొనుగోలు గురించి. పాడి రైతుల శిబిరంలో స్కూటర్ ప్రస్తావన ఎందుకని కొందరు అనుకోవచ్చు. క్యాను కేంద్రానికి చేర్చాలన్నా, పచ్చిమేత మోపు తేవాలన్నా, పశువైద్యుణ్ణి వెంటబెట్టుకు రావాలన్నా ఈ రోజున బండి కావాలి. లీటరుకు 40 రూపాయలు వచ్చే సభ్యుడు బండి బేరంలో 4,000 రూపాయలు ఎక్కువ ఇస్తే 100 లీటర్ల పాలు ఊరికే పోసినట్లే. కాబట్టి ఇది మన పాల లెక్కలోని విషయమే.

ఒకప్పుడు పాల వర్తకుడు చెంబులోకి తొంగి చూసి ధర చెప్పేవాడు. మనం సంఘం పెట్టుకున్నాక వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసి ధర కట్టే పద్ధతి వచ్చింది. కొలత వచ్చాక మాటకారితనానికి చోటు తగ్గింది. స్కూటర్ బేరంలోనూ ఇదే సూత్రం. ముందు కొలవండి, తరువాతే ధర మాట్లాడండి.

1972లో చేతక్ స్కూటరు వచ్చిన తరువాత చాలా కాలం పాటు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూడవలసి వచ్చేది. చేతిలో ఉన్న పాత బండికి కొత్త దానికంటే ఎక్కువ ధర పలికిన రోజులవి. అప్పుడు బేరమన్న మాటే లేదు. ఇప్పుడు ప్రతి పట్టణంలోనూ నాలుగైదు కంపెనీల షోరూములున్నాయి. కొనేవాడికి అడిగే హక్కు వచ్చింది. ఏది అడగాలో తెలియడమే మిగిలింది.

ముందుగా కొత్త బండి సంగతి. "ఆన్ రోడ్ ఇంత" అని ఒకే అంకె చెబితే ఒప్పుకోకండి. పద్దులు విడివిడిగా కాగితం మీద రాయించండి. ఎక్స్ షోరూమ్ ధర, జీవిత పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము, బీమా, ఆ తరువాత ఇతర ఖర్చులు. పన్ను, రుసుము ప్రభుత్వానికి పోయేవి. వాటిలో బేరం లేదు. బేరమంతా మిగతా పద్దుల్లోనే ఉంది.

బీమా తీసుకోండి. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనానికి థర్డ్ పార్టీ బీమా అయిదేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. దాని ప్రీమియం ముందే నిర్ణయించి ఉంటుంది. సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియం మాత్రం కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది. షోరూములోనే బీమా తీసుకోవాలన్న నిర్బంధం లేదు. బయట ధర కనుక్కుని వెళితే లోపల ధర తగ్గుతుంది. "హ్యాండ్లింగ్" పేరిట పద్దు కనిపిస్తే దేనికని అడిగి కొట్టివేయమనండి. సీటు కవరు, గార్డు, మ్యాటు కావాలంటేనే తీసుకోండి. హెల్మెట్ మాత్రం అడిగి తీసుకోండి. బండితో పాటు ప్రమాణాలకు సరిపడే హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 138వ నిబంధన చెబుతోంది. తయారైన నెల, సంవత్సరం కూడా చూడండి. జనవరిలో కొన్న బండి డిసెంబరులో తయారైనదైతే అమ్మేటప్పుడు ఒక ఏడు పాతబడినట్లే లెక్క. ఆ తగ్గింపు కొనేటప్పుడే అడగాలి.

అప్పు మీద కొనేవారు వాయిదా ఒక్కటే చూడకూడదు. 50,000 రూపాయలు ఏడాదికి 10 శాతం చొప్పున రెండేళ్లకు ఇస్తామంటారు. వడ్డీ 10,000 కలిపి నెలకు 2,500 కట్టమంటారు. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 50,000 మీదే వేశారు. సరిగా లెక్క కడితే అది సుమారు 18 శాతం వడ్డీ. వాయిదాను నెలలతో గుణించి, ముందు కట్టిన సొమ్ము, ప్రాసెసింగ్ రుసుము కలిపి చూడండి. అదే మీరు కొన్న అసలు ధర.

ఇక పాత బండి. మన సభ్యుల్లో చాలామందికి అక్కరకు వచ్చేది ఇదే. గేదెను కొనేటప్పుడు రెండు మూడు పూటలు పాలు పిండి చూడనిదే మనం బయానా ఇవ్వం. ఒక పూట పిండకుండా ఉంచి, నిండిన పొదుగు చూపించే అమ్మకందార్లు ఉంటారని మనకు తెలుసు. బండిలోనూ అలాంటి ఉపాయముంది. మీరు వెళ్లేసరికి ఇంజను వేడి చేసి ఉంచుతారు. కాబట్టి తెల్లవారే వెళ్లండి. ఇంజను చల్లగా ఉందో లేదో చేయి పెట్టి చూసి, అప్పుడు స్టార్ట్ చేయించండి. ఫోర్ స్ట్రోక్ బండి నీలం పొగ వదిలితే ఆయిలు కాలుతున్నట్లు. బోరు పని ముందుందన్నమాట.

మీటరు అంకెను నమ్మకండి. ఫుట్‌బోర్డు మ్యాటు, బ్రేకు పెడలు అరుగుదల నిజం చెబుతాయి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. క్యాన్లు మోసిన బండి అయితే క్యారియరు, ఛాసిస్ దగ్గర తుప్పు, వెల్డింగు అతుకులు తప్పక చూడండి. ముందు చక్రం ఎత్తి హ్యాండిలు తిప్పి చూడండి. మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లి, చేయించవలసిన పనులన్నిటికీ ఖరీదులు రాయించండి.

ఇప్పుడు ధర. బీమా కంపెనీలు బండి విలువ కట్టడానికి ఒక తరుగు పట్టిక వాడతాయి. రెండు నుండి మూడేళ్ల బండికి 30 శాతం, మూడు నుండి నాలుగేళ్ల దానికి 40, నాలుగు నుండి అయిదేళ్ల దానికి 50 శాతం తరుగు. అయిదేళ్లు దాటితే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిందే. ఈ తరుగు ఈనాటి కొత్త ధర మీద కట్టాలి, అమ్మేవాడు ఆనాడు కొన్న ధర మీద కాదు. ఇందుకు కారణముంది. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు పెట్రోలు ద్విచక్ర వాహనాలపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతానికి తగ్గింది. పన్ను కలిపి 80,000 ఉన్న బండి, కంపెనీ ధర మార్చకపోతే, 73,750కి వస్తుంది. మూడేళ్లు దాటిన బండికి 40 శాతం తీస్తే 44,250. మెకానిక్ రాసిన పనులు 5,000, కట్టని చలానాలు 1,000 అనుకుంటే మిగిలేది 38,250. ఇది ఉదాహరణకు చెప్పిన లెక్క. బాగా చూసుకున్న బండికి, గిరాకీ ఉన్న బండికి కొంత ఎక్కువే పలుకుతుంది. ఊళ్లో అలాంటివే రెండు మూడు బండ్ల ధరలు కూడా కనుక్కోండి. అయినా చేతిలో లెక్క ఉన్నవాడు 50,000 అనగానే తబ్బిబ్బు పడడు.

సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చేసే బేరం మన పెద్దలు ఎరుగుదురు. స్కూటర్‌కు ఆ దాపరికం అక్కరలేదు. కాగితం అమ్మేవాడి ముందు పెట్టి, ఒక్కొక్క పద్దు చూపించి అడగండి. బండిని కించపరచవద్దు. రేపు మీ బండి అమ్మేటప్పుడు మీరూ అటువైపు కూర్చోవలసినవారే. మీ పై హద్దు ఇంట్లో వారితో కలిసి ముందే అనుకోండి. దాన్ని దాటితే "ఆలోచించి చెబుతాం" అని లేచి రండి. బండ్లు మరికొన్ని దొరుకుతాయి.

చివరిగా కాగితాలు. ఆర్.సి.లోని ఛాసిస్, ఇంజను నంబర్లు బండి మీది వాటితో సరిపోవాలి. ఆర్.సి.లో అప్పు ఇచ్చిన బ్యాంకు పేరుంటే, బకాయి లేదన్న పత్రంతో ఫారం 35 ద్వారా అది తొలగాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. రాష్ట్రంలోపల అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను చెబుతోంది. బీమా కూడా 14 రోజుల్లోగా మీ పేరుకు మార్చమని కోరండి.

ఇది కొనేవారికే కాదు, అమ్మేవారికి మరీ ముఖ్యం. తెలిసినవాడే కదా అని సంతకం పెట్టిన కాగితాలు చేతికిచ్చి ఊరుకునేవారు మనలో ఉన్నారు. ఆ బండి చేతులు మారి ఎక్కడో ప్రమాదం చేస్తే పరిహారం భారం ఎవరిది? రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో వారే యజమాని అని 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో బండి పలువురి చేతులు మారినా బాధ్యత మొదటి పేరుదారుకే చుట్టుకుంది. నలభై వేల బండి అమ్మి లక్షల అప్పులో పడే దారి అది. అందుచేత పూర్తి సొమ్ము చేతులు మారే రోజునే పేరు మార్పిడి దరఖాస్తు కూడా పెట్టాలి. అది జరిగే వరకు బేరం ముగియలేదనే భావించండి.

మీ సంఘంలో ఎవరైనా బండి కొనబోతున్నారంటే వారికి ఈ లెక్క వేసి చూపవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాను.