మైకు సరిచేద్దాం, పెద్దల గొంతు నిలుపుకుందాం



మన ఆన్‌లైన్ సమావేశాలకు హైదరాబాద్ హాస్టళ్ల నుంచి పిల్లలు, భద్రాచలం, చింతూరు వైపు గూడేల నుంచి పెద్దలు కలుస్తున్నారు. గూడెంలో పదిమంది ఒకే ఫోను చుట్టూ కూర్చుంటారు. అందరికీ వినపడాలని దానికి సౌండ్ బాక్సు తగిలిస్తాం. అక్కడి నుంచే గోల మొదలవుతుంది. మన మాట మనకే తిరిగి వినిపిస్తుంది, తాత మాట మధ్యలో తెగిపోతుంది. మామూలు మాటైతే మళ్లీ అడగొచ్చు. కోయ భాషలో తాత చెప్పే గోత్రాల కథ రికార్డింగులో తెగిపోతే రేపు ఎవర్ని అడుగుతాం?

ముందు ఈ ఎకో సంగతి తెలుసుకుందాం. మన మాట గూడెంలోని బాక్సులోంచి బయటికొచ్చి, గోడలకు తగిలి, అక్కడి మైకులో దూరి మన దగ్గరికే వస్తుంది. అంటే మీకు మీ గొంతే వినిపిస్తుంటే, సరిచేయాల్సింది మీ ఫోనును కాదు, అవతలి గదిని. దీన్ని ఆపేదే ఎకో క్యాన్సిలేషన్. తాను బాక్సుకు పంపిన శబ్దం ఏదో యాప్‌కు తెలుసు. అది మైకులోకి ఎలా తిరిగి వస్తుందో లెక్కగట్టి, అంతవరకు తీసేస్తుంది.

ఆ లెక్కను మనమే చెడగొడుతుంటాం. బాక్సు సౌండు పగిలిపోయేంత పెంచితే యాప్ పంపిన శబ్దం ఒకటి, మైకుకు అందేది ఇంకొకటి అవుతుంది. బ్లూటూత్ బాక్సు శబ్దాన్ని ఆలస్యంగా వినిపిస్తుంది, కాబట్టి వైరు మేలు. ఒకే గదిలో రెండు ఫోన్లతో చేరితే, రెండో ఫోను శబ్దం మొదటిదానికి తెలియదు, కూత పెడుతుంది. గదిలో ఒక్క ఫోనుకే మైకు, స్పీకరు ఉంచండి. మైకును మాట్లాడేవారి దగ్గర, బాక్సును దూరంగా, ముఖం అటు తిప్పి పెట్టండి.

ఇది మాటల సంగతి. పాటకు వేరే పద్ధతి కావాలి. చప్పుళ్లను తగ్గించే సెట్టింగు మనిషి మాటను ఉంచి మిగతాది తీసేయడానికి చేసింది. దానికి డోలు కూడా ఫ్యాను చప్పుడు లాంటిదే! అందుకే పాట మొదలయ్యే ముందు జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ పెట్టండి, గూగుల్ మీట్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ తీసేయండి. ఆ కాసేపు గూడెంలో బాక్సు ఆపేయాలి, మిగతా అందరం మ్యూట్‌లో ఉండాలి. బాక్సు మోగకపోతే ఎకో పుట్టదు. ఇంకో ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పాడేవారి దగ్గర రికార్డర్ ఆన్ చేసి ఉంచండి. సిగ్నల్ పోయినా పాట పోదు. పాట అయ్యాక సెట్టింగులన్నీ మళ్లీ మాటలకు మార్చండి.

కంచుమేళం, కంచుతాళం కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మనల్ని విడిచి వెళ్లారు. అలాంటి గొంతులు మన గూడేల్లో ఇంకా ఉన్నాయి. పెద్దలకు ఈ సెట్టింగులు తెలియాల్సిన పని లేదు, వాళ్లకు పాట తెలుసు. సెట్టింగులు తెలిసిన మనం సమావేశానికి పావుగంట ముందే ఫోన్ చేసి, ‘తాతా, ఒక్కసారి డోలు కొట్టు, వింటాం’ అని అడుగుదాం. మైకు సరిగ్గా ఉందో లేదో ఆ దెబ్బే చెబుతుంది.

జై ఆదివాసీ. సెలవు.