కుందేలు ముసుగులో ఎవరున్నారు?

(ఖురంలో జరిగిన సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగం)



మా తాతగారు విశాఖ జిల్లానుంచి ఓడెక్కి మలయాలో కొబ్బరితోట పనికి వెళ్ళినవారు. మేము మూడవ తరంవాళ్ళం. మా తెలుగు సాయంత్రపు బడిలో నేర్చుకొన్న తెలుగు. ఎక్కడైనా తడబడితే మన్నించండి. ఉపాధ్యాయవృత్తి మమ్మల్ని మస్కటుకు తీసుకువచ్చింది. పగలు బడిలో పాఠాలు, సాయంత్రం ఈ ఖురంలో మన పిల్లలకు అక్షరాలు - ఇదీ మా దినచర్య. పిల్లలను గూర్చి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. పిల్లలు ఆడే ఒక ఆటను గూర్చి చెపుతాము.

కొన్నేళ్ళ క్రిందట ఒక సాయంత్రం మా తరగతికి వచ్చిన ఒక పాప ముఖం వాడిపోయి ఉంది. ఏమమ్మా అని అడిగితే, "నన్ను విందులోనుంచి వెళ్ళగొట్టారు మాస్టారూ" అన్నది. ఎవరింట్లో విందు అని మేము కంగారుపడితే తక్కిన పిల్లలు నవ్వారు. ఆ విందు జరిగిన ఇల్లు కంప్యూటరులో ఉన్నది!

ఆట పేరు ఏనిమల్ జామ్. తరువాత వైల్డ్‌వర్క్స్ అని పేరు మార్చుకొన్న ఒక అమెరికా సంస్థ, నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీతో కలిసి 2010లో దీనిని ప్రారంభించింది. పిల్లలు తలా ఒక జంతువు రూపం ధరించి, జామా అనే ఊహాలోకంలో దేశదేశాల పిల్లలతో కలిసి తిరుగుతారు. జంతువులను గూర్చి నాలుగు మంచి విషయాలు నేర్పాలన్నది ఆట పెట్టినవారి సంకల్పం. వారి కథలో గ్రీలీ అనే తోడేలు అంతుపట్టని మితభాషి, పెక్ అనే కుందేలు హుషారైనది, గ్రాహమ్ అనే కోతి యంత్రాలు చేయడంలో నేర్పరి.

అయితే ఆడే పిల్లలు తమలో తాము వేరే జాబితా వ్రాసుకొన్నారు. మా తరగతి పిల్లలే మాకు అది అప్పచెప్పారు. తోడేలు రూపం వేసుకొన్నవాడు గుంపు కట్టి పెత్తనం చేస్తాడట. మంచుతోడేలు అయితే డబ్బున్నవాడట. నక్క టక్కరిదట. కుందేలు మాత్రం ఏమీ తెలియని కొత్తవాడు, వస్తువులు అడుక్కొనేవాడు. మా పాప కుందేలు. అందుకే విందులో చోటు లేకపోయింది.

ఈ గుణాలు ఎక్కడివి అని ఆలోచిస్తే మాకు ఒక సంగతి తట్టింది. ఆ ఆటలో కొన్ని జంతువులు అందరికీ ఊరికే దొరికేవి. కొన్ని సభ్యత్వానికి సొమ్ము కట్టినవారికే. కుందేలు మొదటినుంచీ అందరికీ అందే జంతువు కనుక కొత్తగా వచ్చిన పిల్లలలో కుందేళ్ళు కనిపించాయి. అంటే పిల్లలు గుణం అనుకొన్నది నిజానికి ధర! ధర చూసి గుణం నిర్ణయించడం వాళ్ళకు కంప్యూటరు నేర్పిందా, మనం నేర్పామా అన్నది పెద్దలు ఆలోచించవలసిన మాట.

జంతువుకొక గుణం అంటగట్టడం మనకు కొత్త కాదు. పరవస్తు చిన్నయసూరిగారు 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో, అంతకుముందు సంస్కృత పంచతంత్రంలో, సింహం రాజు, నక్క మంత్రి. ఆ కథలు ఆరవ శతాబ్దంలో పారశీక రాజు ఖుస్రూ అనుషిర్వాన్ కాలంలో బుర్జోయ్ అనే వైద్యుని చేతిమీదుగా పహ్లవీ భాషలోకి పోయాయి. ఎనిమిదవ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా వాటిని అరబ్బీలో వ్రాశాడు. ఆ గ్రంథం పేరు కలీలా వ దిమ్నా. మన కరటకుడే కలీలా, మన దమనకుడే దిమ్నా. మనకంటె ఎంతో ముందే మన నక్కలు అరబ్బు దేశాలకు వచ్చి స్థిరపడ్డాయి!

ఇక్కడ గమనించండి. కరటకుడూ నక్కే, దమనకుడూ నక్కే. ఒకడు వద్దని వారిస్తాడు, ఒకడు కలహం పెడతాడు. ఒకే జాతి, రెండు స్వభావాలు. కథ చెప్పిన పెద్దలకు ఆ వివేకం ఉన్నది. కథను మరచి ముద్రను మాత్రం పట్టుకొన్నది మనం.

దేశం మారితే ముద్ర కూడా మారుతుంది. మన కథలో తోడేలు క్రూరమైనది. ఇక్కడి అరబ్బులు ధైర్యవంతుణ్ణి ధీబ్, అంటే తోడేలు, అని మెచ్చుకొంటారు. ఇంగ్లీషు కథల్లో గుడ్లగూబ జ్ఞాని, మన ఇంటికప్పుమీద వాలితే అపశకునం. మేము పుట్టిన మలయాలో కంచిల్ అనే చిన్న జింక ఉంది. కుందేలంత ఉంటుంది, పులినీ మొసలినీ బోల్తా కొట్టిస్తుంది. మన కుందేలు మాత్రం తక్కువదా? సింహానికి నూతిలో నీడ చూపి అడవిని కాపాడింది అదే కదా! నక్కను జిత్తులమారి అంటూనే, అదృష్టవంతుణ్ణి చూసి నక్కతోక తొక్కాడంటాము. మన నోటనే పొంతన లేదు.

ఇదంతా చెప్పి ఆ పాపను ఓదార్చాము. చివరకు, "ఆటలో పేరు ఆటలోనే ఉంటుందమ్మా, నీకేమైనా అంటుకొంటుందా?" అన్నాము. వెనుక వరుసలోనుంచి ఒక బాబు మెల్లగా, "అంటుకొంటుంది మాస్టారూ" అన్నాడు.

మా నోరు పడిపోయింది. ఆ బాబు ఒత్తుల దగ్గర ఆగి ఆగి చదివేవాడు. మేము ముద్దుగా తాబేలు అని పిలిచేవాళ్ళం. పందెంలో గెలిచింది తాబేలే కదా అని మా ఉద్దేశం. పిల్లలు ఆ పేరు అందుకొన్నారు. కొన్నాళ్ళకు అతడు పైకి చదవడమే మానేశాడు. బిడియం అనుకొన్నాము. పేరు పెట్టింది మేము, అది మోసింది అతడు.

ఇటువంటి ఆటల్లో ధరించే రూపాన్ని ఇంగ్లీషువారు కూడా అవతార్ అనే అంటారు. మాట మనదే. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీనిపై ఒక పరిశీలన ప్రకటించారు. కంప్యూటరు లోకంలో కొందరికి పొడుగు రూపం, కొందరికి పొట్టి రూపం ఇచ్చి సొమ్ము పంచుకోమన్నారు. పొడుగు రూపం దొరికినవారు గట్టిగా బేరమాడారు. పొట్టి రూపం దొరికినవారు అన్యాయపు వాటాకు కూడా ఎక్కువగా తలవొగ్గారు. అసలు మనిషి పొడవు ఎంతైనా కావచ్చు, తొడిగిన రూపమే లోపలికి దిగింది. తాబేలు అని పిలిచిన బాబు నిదానించడంలో వింత ఏముంది?

ఆ మరుసటి తరగతిలో పిల్లలందరి ఎదుట ఆ బాబుకు క్షమాపణ చెప్పాము. అతడు మళ్ళీ గొంతెత్తి చదవడానికి చాలా వారాలు పట్టింది. ముద్ర వేయడానికి ఒక్క మాట చాలు, చెరపడానికి ఒక్క మాట చాలదు.

తరువాత ఒక శుక్రవారం పిల్లలను ఖురం మడచెట్ల దగ్గరకు తీసుకువెళ్ళాము. ఈ ఊరికి ఆ పేరు వచ్చింది ఆ చెట్లవల్లనే. 2013లో ఆ మడ అడవికి అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు కూడా లభించింది. కంచె బయట నిలబడి కొంగను చూపించాము. ఒంటికాలిమీద కదలకుండా నిలుచున్నది. "కొంగజపం!" అన్నాడొకడు. మంచిదే, చూస్తూ ఉండండి అన్నాము. చాలాసేపటికి అది చటుక్కున ముక్కు దించి చేపను పట్టింది. "పాపం, దాని అన్నం అది తింటోంది" అన్నది మా కుందేలు పాప. దొంగజపం అని మనం పేరు పెట్టినది దాని ఓపిక. మేము ఇంతకంటె మంచి పాఠం ఎన్నడూ చెప్పలేదు.

పెద్దలారా, మనలో కూడా ఈ జాబితా ఉన్నది. కోస్తావారు ఇట్లా, సీమవారు అట్లా, తెలంగాణావారు మరొకలా అంటాము. ఊరినుంచి కొత్తగా వచ్చినవారికి ఒక పేరు, ఇక్కడ పుట్టి తెలుగు తడబడే పిల్లలకు ఒక పేరు. అర్థం తెలియకుండా వల్లించే చిలుక అని మమ్మల్ని కూడా చిన్ననాడు ఒక పెద్దాయన అన్నారు. ఆ మాట విన్న మా తమ్ముడు తెలుగు బడికి మళ్ళీ రాలేదు. ఆయన పిల్లలకు ఈనాడు తెలుగు రాదు. ఒక్క వేళాకోళం ఒక కుటుంబంలో భాషను ఆపివేసింది. అందుకే ఈ ఆట సంగతి మీ ముందు పెట్టాము.

పిల్లలకు జంతువుల కథలు మానేయమని మేము చెప్పడంలేదు. మరింత చెప్పండి. మా తరగతిలో ఇప్పుడు ఒక అలవాటు పెట్టాము. కథ ముగిసిన తరువాత, "మోసం చేయని నక్కను మీరు ఒకటి చెప్పండి, పిరికిదికాని కుందేలును చెప్పండి" అంటాము. పిల్లలు భలే కథలు అల్లుతారు.

ఆ పాప ఆటలో తన కుందేలును మార్చుకోలేదు. తానే ఒక విందు పెట్టిందట. ఎవరిని పిలిచావమ్మా అని అడిగాము. "ఎవరొచ్చినా రానిచ్చాను మాస్టారూ" అన్నది.

మన సంఘానికి కూడా అటువంటి విందులే కలగాలని కోరుతున్నాము.