పేరు అదే, మిషన్ అదేనా? చైన్ సా కొనే ముందు ఇది చూడండి

ఈ ఎపిసోడ్ చైన్ సా గురించి. మన ఊళ్లలో చెట్లు కోసే మిషన్ అంటాం కదా, అదే. సుబాబుల్, సరుగుడు, జామాయిల్ కోతలకి వెళ్లే కుర్రాళ్లు సొంత మిషన్ ఉంటే నాలుగు రూపాయలు మిగులుతాయని అప్పు చేసి మరీ కొంటారు. తీరా అది ఆరు నెలలకే మొరాయిస్తే? ఆగిన ప్రతి రోజూ కూలీ పోయినట్టే. అప్పు మాత్రం ఆగదు.

అందుకే ఇవాళ్టి ప్రశ్న ఒక్కటే. బ్రాండ్ పేరు చూసి కొంటే సరిపోతుందా? సరిపోదు. ఎందుకో చెప్తాను.

ముందు పేర్ల సంగతి. అమెరికాలో మెక్‌కల్లక్ అని ఒక కంపెనీ ఉండేది. 1948లో చైన్ సాలు చేయడం మొదలుపెట్టింది. దాని ఓనర్ రాబర్ట్ మెక్‌కల్లక్ ఎంత సంపాదించాడంటే, 1968లో లండన్ బ్రిడ్జినే కొనేసి, రాళ్లు విప్పించి అరిజోనాకి తెచ్చుకున్నాడు! అలాంటి కంపెనీ 1999లో దివాలా తీసింది. పేరు మాత్రం బతికే ఉంది. ఇప్పుడది స్వీడన్‌కి చెందిన హస్క్‌వర్నా చేతిలో ఉంది. ఆ పేరుతో వచ్చేవి ఎక్కువగా ఇంటి తోటలకి వాడే సామాన్లు. అంటే అప్పట్లో అడవుల్లో పనిచేసిన మెక్‌కల్లక్ వేరు, ఇప్పుడు డబ్బా మీద కనిపించే మెక్‌కల్లక్ వేరు.

దీనికి రివర్స్ కూడా ఉంది. జాన్సెరెడ్ అని స్వీడన్‌దే ఇంకో పాత బ్రాండ్. 1970ల చివర్లో అదీ, హస్క్‌వర్నా, రెండూ ఎలక్ట్రోలక్స్ కిందికి వచ్చాయి. తర్వాత్తర్వాత రంగు ఎరుపా, నారింజా అన్నదే తేడాగా మిగిలింది. జాన్సెరెడ్ 2172, హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీ పక్కపక్కన పెట్టి విప్పితే లోపల దాదాపు ఒకటే మిషన్. జర్మనీ కంపెనీ డోల్మార్‌ని 1991లో జపాన్ మకిటా కొనేసింది. డోల్మార్ మంచి మిషన్లే మకిటా పేరుతో, నీలం రంగులో కూడా అమ్ముడయ్యాయి. అక్కడ పేరు మారినా నాణ్యత పోలేదు. కానీ 2022లో మకిటా పెట్రోల్ ఇంజన్ల తయారీనే ఆపేసి బ్యాటరీ వైపు వెళ్లిపోయింది.

చూశారా? ఒకచోట పేరు ఉండి మిషన్ మారింది. ఇంకోచోట మిషన్ ఉండి పేరు మారింది. మరి దేన్ని నమ్మాలి? లోపలి కట్టుబడిని.

ఒకే కంపెనీ నుంచి ఉదాహరణ చెప్తాను. స్టిల్ వాళ్లవే ఎంఎస్ 271, ఎంఎస్ 261 అని రెండు మోడల్స్ ఉన్నాయి. రెండిటి ఇంజన్లూ 50.2 సీసీ. 271 పొలం పనికి, వంటచెరుకుకి చేసింది. 261 రోజూ అడవిలో పనిచేసేవాళ్లకి చేసింది. 271లో ఇంజన్ ప్లాస్టిక్ బాడీలో బిగించి ఉంటుంది. 261లో క్రాంక్‌కేసే మెగ్నీషియం లోహం. బేరింగులు, బార్ అన్నీ ఆ లోహం మీదే కూర్చుంటాయి. లోహం అంటే బరువు ఎక్కువ అనుకుంటాం కదా? కాదు. బార్, చైన్ లేకుండా 271 సుమారు 5.6 కిలోలు, 261 సుమారు 4.9 కిలోలు. పవర్ కూడా 261కే ఎక్కువ. రేటూ ఎక్కువే అనుకోండి.

అలాగని ప్లాస్టిక్ బాడీ మోసమేం కాదు. నెలకి నాలుగు రోజులు కోసేవాళ్లకి అది చాలు. కానీ రోజంతా కోసేవాళ్లకి వేడి, అదురు తట్టుకోవాలి. ప్రొఫెషనల్ మిషన్ అసలు గొప్ప ఏంటంటే, అది పాడవదని కాదు, పాడైతే బాగుచేసుకోవచ్చు. పిస్టన్, రింగు, సిలిండర్, బేరింగ్ మార్చి మళ్లీ పనిలో పెట్టొచ్చు.

ఇక్కడే అసలు మెలిక ఉంది ఫ్రెండ్స్. మార్చాలంటే సామాను దొరకాలి కదా! కాబట్టి షాపులో రేటు అడిగే ముందు ఈ మూడూ అడగండి. ఒకటి, క్రాంక్‌కేస్ లోహమా, ప్లాస్టికా? రెండు, ఈ మోడల్ పిస్టన్, కార్బురేటర్ కిట్ ఇప్పుడు మీ దగ్గర స్టాక్ ఉన్నాయా? మూడు, దగ్గర్లో ఎవరు రిపేర్ చేస్తారు? ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పేరు తెలియని మిషన్లు చాలావరకు ఈ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ విప్పించి, ఆ రంధ్రంలోంచి టార్చ్ వేసి పిస్టన్ చూడండి. నున్నగా ఉంటే ఫర్వాలేదు. నిలువు గీతలు కనిపిస్తే, ఆయిల్ తక్కువై గీసుకుపోయిందని అనుమానించాలి. పైన పెయింట్ ఎంత మెరిసినా వదిలేయండి.

చివరిగా, ఎంత మంచి మిషన్ అయినా చంపేసే తప్పులు కొన్ని ఉన్నాయి. మాన్యువల్‌లో 1:50 అని ఉంటే లీటర్ పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి. కళ్లతో అంచనా వేయకండి, కొలవండి. ఇప్పుడు బంకు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమ లాక్కుంటుంది. వారాల తరబడి పని లేకపోతే ట్యాంక్ ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. బార్‌కి బండిలోంచి తీసిన పాత ఆయిల్ పోయకండి, అందులోని ఇనుప రజను ఆయిల్ పంపుని తినేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపండి. చైన్ మొద్దుబారితే పదును పెట్టండి, బలం పెట్టి నొక్కకండి.

స్టిక్కర్ కంపెనీది, కష్టం మీది. స్టిక్కర్ కింద ఏముందో చూసి డబ్బు పెట్టండి. మీరు ఏ మిషన్ వాడుతున్నారు, ఎన్నేళ్లుగా నడుస్తోంది, సామాను ఎక్కడ దొరుకుతోంది? కామెంట్లలో చెప్పండి, కొత్తగా కొనేవాళ్లకి పనికొస్తుంది. ఈ వీడియో మీ ఊళ్లో కోతకి వెళ్లే తమ్ముళ్లకి షేర్ చేయండి.