పనికి వెళ్లబోయే పిల్లలతో నాలుగు మాటలు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పని ఇచ్చేవాళ్లు మనలో ఏం చూస్తారో చెప్పమని మమ్మల్ని పిలిచారు. హాస్టల్ వార్డెన్లం కదా, ఉపన్యాసం కంటే మందలింపు బాగా వచ్చు. కాస్త ఓర్చుకోండి.

ముందు మీ అమ్మల దగ్గర మొదలుపెడతాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కల్లాల్లో మిర్చి గ్రేడింగ్‌కు వెళ్తారు. కుప్ప ముందు కూర్చుంటే తాలుకాయ ఒక పక్కకు, మంచికాయ ఒక పక్కకు పోతూనే ఉంటాయి. ఊపితే గింజ గలగలలాడిందా, కాయ ఎండింది. మెత్తగా వంగిందా, ఇంకా నిమ్ము ఉంది. ఆ నిమ్ము కాయ బస్తాలో పడితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కిలో మిర్చిలో అది 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ దేశాలు సరుకును రానివ్వవు. గుంటూరు మిర్చి పరువు మీ అమ్మ వేళ్లలో ఉందన్నమాట. ఆ శ్రద్ధ, ఆ ఓపిక, తేడా పట్టే ఆ కన్ను కోసమే కంపెనీలవాళ్లు ఇంటర్వ్యూల్లో వెతికేది. అక్కడికి వెళ్లి "మాకేమీ రాదండీ" అనకండి.

మరి దెబ్బ ఎక్కడ తగులుతోంది? మా దగ్గర చదివిన ఒక అబ్బాయి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే పనిలో చేరాడు. టిక్కీల లెక్కలో ఒక్కసారీ తేడా రాలేదు. తాత చనిపోతే ఊరికి వెళ్లి నాలుగు రోజులు ఉండిపోయాడు, ఫోన్ చేయలేదు. తిరిగి వెళ్లేసరికి ఆ కుర్చీలో ఇంకొకరున్నారు. ఎందుకు చెప్పలేదురా అంటే, "సారుతో ఏమని మాట్లాడాలో తెలియలేదు మేడమ్" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చేతులు కట్టుకో, ఎదురు మాట్లాడకు, అడిగితేనే చెప్పు అని వాడికి ఆ భయం నేర్పింది మేమే. ప్రశ్న అడిగే పిల్లల్ని ప్రోత్సహించాలని బీఈడీలో చదివాం, వంద మందిని అదుపులో పెట్టే తొందరలో మరిచిపోయాం. ఇప్పుడు మా స్టోరు రూములో బియ్యం, పప్పు లెక్క పిల్లలే రాస్తున్నారు. తేడా వస్తే వాళ్లే లేచి చెప్పాలి. తిట్టం. మొదటి వారం తిట్టాం, ఒప్పుకుంటున్నాం.

మీరూ అలవాటు చేసుకోండి. రాలేకపోతే షిఫ్టుకు ముందే ఫోన్ చేసి, "సార్, ఇంట్లో చావు జరిగింది, గురువారం వస్తాను" అంటే చాలు. పొరపాటు జరిగితే మేస్త్రీ కనిపెట్టేలోపే చెప్పండి. జీతం ఎంత, ఓవర్‌టైమ్‌కు లెక్కేమిటి, పీఎఫ్ కడతారా అని చేరిన రోజే అడగండి. అది పొగరు కాదు. అలా అడిగితే మొహం చిట్లించే యజమానులూ ఉంటారు, అయినా అడగండి.

ఆ అబ్బాయి ఇప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లులో తూకం దగ్గర ఉన్నాడు. ఈ సభకు రమ్మన్నాం. సెలవు అడిగాడట, దొరకలేదట. ఆ సంగతి మాత్రం నిన్ననే ఫోన్ చేసి చెప్పాడు.